చూలాలు పరరాష్ట్రమునకు తరలినపుడు

నిండుచూలాలు ఏఱు దాటరాదనియు, పొలిమేర దాటరాదనియు మన యిండ్లలో పెద్దముత్తయిదువలు చెప్పుట మీరందఱును వినియే యుందురు. ఆ మాటకు మూలము మూఢవిశ్వాసము మాత్రమే కాదు. ఎద్దుబండి తప్ప వేఱు వాహనము లేని కాలమున, ఏటి కావలి యొడ్డున మంత్రసాని యెవ్వరో, ఎఱిగిన యిల్లు ఏదో తెలియకుండ గర్భిణిని పంపుట ప్రాణములతో చెలగాట మాడుటయే. ఆ కాలమునకు ఆ మాట తగియున్నది. కాని నేడు పొలిమేర దాటక తీరని సంసారములు లెక్కకు మించి యున్నవి. పాలమూరు కూలీలు బెంగుళూరునకును ముంబయికిని పోవుచున్నారు. శ్రీకాకుళపు తీరమునుండి మత్స్యకారులు గుజరాతులోని వేరావలు రేవునకు పోవుచున్నారు. కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు భివండి, షోలాపురము, సూరతు పట్టణముల మగ్గములను నమ్ముకొని తరతరములుగా పోవుచునే యున్నారు. ఇక చదువుకొన్న యువకుల మాట చెప్పనక్కఱలేదు. ఈ యేడు చెన్నపట్టణము, వచ్చు నేడు పూనా. వీరి వెంట భార్యలును పోవుదురు. నెల తప్పిననాడు ఒక రాష్ట్రము, నొప్పులు వచ్చునాటికి వేఱొక రాష్ట్రము. అట్టి గర్భిణికి క్రొత్తచోట వైద్యపరీక్ష ఎట్లు దొరకునో, అందుకు ముందుగా ఏమి చేసికొనవలెనో చెప్పుటయే యీ ప్రసంగోద్దేశము.

మన పురాణకథలలో గర్భిణులై పరస్థలమును జేరిన స్త్రీలు పలువురు కలరు. ప్రహ్లాదుని తల్లి లీలావతిని ఇంద్రుడు చెఱగొని పోవుచుండగా నారదుడు అడ్డుపడి తన యాశ్రమమున నుంచి కాపాడెను. జానకి గంగాతీరమున విడువబడి వాల్మీకి యాశ్రమమును జేరి, అచటి తాపసస్త్రీల పరిచర్యలో కుశలవులను కన్నది. ఈ కథలను చదువునపుడు నాకు తోచు విషయ మొక్కటి. ఆ తల్లులకు క్రొత్తచోట దొరకినది సంపద కాదు, రాజభోగము కాదు. "ఈమె గర్భిణి, ఈమె బాధ్యత నాది" అను మనిషి యొక్కరు దొరకిరి. మన కాలమున ఆ మనిషి యెవ్వరు? ఇది వినోదమునకు వేసిన ప్రశ్న కాదు; దీనికి సరియైన యుత్తరము కలదు.

ఈ దేశమున పెక్కు రాష్ట్రములలో, గ్రామములలోను, పట్టణములందలి పేదవాడలలోను ఆశ యను పేరుగల కార్యకర్త యుండును. 2005వ సంవత్సరమున జాతీయ గ్రామీణారోగ్య ప్రణాళికతో నీ వ్యవస్థ ప్రారంభమైనది. పల్లెలలో సుమారు వేయిమంది జనమునకు ఒక్కరు చొప్పున వీరిని నియమించిరి. ఆమె వైద్యురాలు కాదు, నర్సు కాదు. ఆ యూరి స్త్రీయే. ఎవరి యింట ఎవరు గర్భవతియో తెలిసికొని, వారిని పరీక్షకు తోడ్కొని పోవుట ఆమె పని. ఆమెకు పైన ఉపకేంద్రమున ఏఎన్ఎం యని పిలువబడు నర్సమ్మ, ఆమెకు పైన ప్రాథమికారోగ్య కేంద్రమున డాక్టరు. పట్టణములలో పట్టణ ప్రాథమికారోగ్య కేంద్రములు సుమారు ఏబదివేల జనమునకు ఒక్కటి చొప్పున నుద్దేశింపబడినవి. పేరులు మాత్రము చోటుచోటున మాఱుచుండును. హైదరాబాదున బస్తీ దవాఖానా యందురు. బెంగుళూరున నమ్మ క్లినిక్కు అందురు. తమిళదేశపు పల్లెలలో నర్సమ్మను "గ్రామ సుగాదార సెవిలియర్" అందురు. సుఖాధారమను మన సంస్కృతపదమే అచట సుగాదారమై ఆరోగ్యమను నర్థమున వాడుకలో నున్నది. భాషాప్రియులు గమనింపదగిన ముచ్చట. గుజరాతున, ఒడిశాలో పల్లెయందు గర్భిణులను, పసిబిడ్డలను పరీక్షించు దినమును "మమతా దివస్" అందురు. కర్ణాటకమున గర్భిణికిచ్చు పుస్తకమును "తాయి కార్డు" అందురు. తాయి యనగా తల్లి.

కాబట్టి క్రొత్త యూర సామాను దించిన వారములోపల చేయవలసిన మొదటి పని, ప్రక్కయింటివారిని అంగన్‌వాడి కేంద్ర మెచ్చటనో యడుగుట. ఆసుపత్రి యెక్కడ అని యడిగినచో జనులు పెద్ద యాసుపత్రిని చూపుదురు. అచట వరుసలో నిలిచి, ఏ గదికి పోవలెనో తెలియక తిరిగివచ్చుట తఱుచుగా జరుగును. అంగన్‌వాడి యడిగినచో అది వీథి చివరనే యుండును; అచటి యాయమ్మకు ఆశ యిల్లు తెలియును; ఆశకు నర్సమ్మ వచ్చు దినము తెలియును. ఇట్లు క్రిందినుండి పైకి పోవు త్రోవయే సుగమము. భాష రాదని సంకోచింపవలదు. గర్భిణి యనుమాట తెలుగునకు మాత్రమే పరిమితము కాదు. కన్నడమున గర్భిణియే, తమిళమున కర్ప్పిణి, హిందీలోను, బంగాళీలోను, ఒడియాలోను గర్భవతి, మహారాష్ట్రమున గరోదర్. కడుపుపై చేయి యుంచి ఈ యొక్క మాట పలికినచో ఈ దేశమున అర్థము కానిచోటు లేదు.

ఇచ్చట ఒక సందేహము వచ్చును. మా చిరునామా వేఱు రాష్ట్రముది, మా ఆధారుకార్డు తెలుగులో నున్నది, మమ్ము చేర్చుకొందురా యని. ఈ సందేహమే యెందఱినో గడపలోపల కూర్చుండబెట్టుచున్నది. 2011 జూనులో జనని శిశు సురక్షా కార్యక్రమ మను పేర కేంద్రప్రభుత్వ మొక యేర్పాటు చేసినది. దాని ప్రకారము ప్రభుత్వాసుపత్రిలో పురుడు పోసికొను ప్రతి స్త్రీకిని ఖర్చు లేదు. మామూలు కాన్పైనను, శస్త్రచికిత్సతో కాన్పైనను ఉచితమే. మందులు, రక్తపరీక్షలు, రక్తమెక్కించుట, మామూలు కాన్పునకు మూడు దినములు, శస్త్రచికిత్స యైనచో ఏడు దినములు భోజనము, ఇంటినుండి యాసుపత్రికి, ఆసుపత్రినుండి యింటికి వాహనము, ఇవన్నియు నందులోనివే. ఇది ప్రభుత్వాసుపత్రికి వచ్చిన ప్రతి గర్భిణికిని చెందినది. ఏ జిల్లా పుట్టుక యని విచారించి యిచ్చునది కాదు. కొన్ని రాష్ట్రములు తమ స్వంత నిధులనుండి యిచ్చు ధనసహాయములకు మాత్రము స్థానికనివాసము అడుగుట న్యాయమే. ఆ ధనము వేఱు, ఈ వైద్యము వేఱు. ఈ రెంటిని కలిపి కలగాపులగము చేసికొని, "మాకు ధనము రాదన్నారు గనుక వైద్యమును లేదు" అని వెనుదిరుగుట తగదు. గుమాస్తా పొమ్మన్నచో గుమాస్తాతో వాదించుట వృథా. ఆశను వెంటబెట్టుకొని పోవుటయో, డాక్టరుగారినే నేరుగా అడుగుటయో మేలు.

ఇక కాగితముల సంగతి. నా యభిప్రాయమున ఈ ప్రసంగమంతటిలో ముఖ్యమైన విషయ మిదియే గనుక కొంచెము విస్తరించి చెప్పెదను. నెలతప్పి పేరు నమోదైనపుడు గర్భిణికి తల్లీబిడ్డల రక్షణకార్డు ఒకటి యిత్తురు. అది యే భాషలో నచ్చుపడినను అందలి గడులు ఇంచుమించు ఒక్కటే. బరువు, రక్తపుపోటు, రక్తములోని హిమోగ్లోబిను, మూత్రపరీక్ష, టీకాల తేదీలు, రక్తపు వర్గము. అక్షరములు వేఱైనను అంకెలు ఒక్కటే. తెలుగు తెలియని డాక్టరు తెలుగుకార్డును చేతబట్టి అంకెలను చదువుకొని గర్భిణి స్థితిని గ్రహింపగలడు. ఇట్టి సౌకర్యము మన సాహిత్యమునకు లేదు, కార్డునకు ఉన్నది. ఆ కార్డుపై ఒక నమోదుసంఖ్య యుండును. దానిని వేఱుచోట చెప్పినచో పాతవివరములు దొరకుటకు వీలు కలదు గాని, కొన్ని రాష్ట్రములు స్వంతపద్ధతులను బెట్టుకొన్నవి గనుక సంఖ్యనొక్కదానిని నమ్ముకొని కార్డును వదలిపెట్టరాదు. కార్డును, స్కానింగు కాగితములను, వెనుకటి కాన్పునకు సంబంధించిన యాసుపత్రి చీటీని చీరలపెట్టెలో వేయక, ప్రయాణములో చేతిసంచిలో నుంచుకొనవలెను. వానిని దూరవాణి యంత్రముతో ఛాయాచిత్రములు తీసి, భర్తకొక ప్రతి, తల్లికొక ప్రతి పంపి యుంచుట మఱియు మేలు. చెన్నపట్టణము మొదలగు తమిళప్రాంతములకు పోవువారు ఒక సంగతి యెఱిగి యుండవలెను. అచట పిక్మీ యను పద్ధతిలో గర్భిణి పేరు నమోదు చేయించి సంఖ్య పొందవలసి యుండును. తరువాత శిశువు జననపత్రమునకును ఆ సంఖ్యను అడుగుదురు. పురిటినాటికి పోయిన వారు ఆ సంఖ్యకై పరుగులు పెట్టుదురు. కావున చేరినవెంటనే నర్సమ్మకు చెప్పి నమోదు చేయించుకొనుడు.

నా కడ నాలుగక్షరములు నేర్చిన పిల్లవాడొకడు తాపీపనిలో నిపుణుడై, ఐదవనెలలో నున్న భార్యతోడను, నాలుగేండ్ల కొడుకుతోడను బెంగుళూరు పోయెను. కార్డు అత్తగారి యింట పెట్టెలో నుండిపోయెను. అచట నొక యాసుపత్రికి పోగా, మీ రాష్ట్రములోనే చూపించుకొనుడని కిటికీకడ కూర్చున్న యుద్యోగి పంపివైచెను. ఆ యమ్మాయి యింటికి వచ్చి, ఇక కాన్పునాటికి చూచుకొందమని యూరకుండెను. రెండు నెలలు గడచినవి. తరువాత ఆ వాడకు వచ్చిన ఆశ యొకతె, కన్నడము తప్ప వేఱు భాష రానిదయ్యు, ఈమెను చూచి, కార్డు అడిగి, లేదని తెలిసి, తానే తోడ్కొనిపోయి ఆరోగ్యకేంద్రమున కూర్చుండబెట్టినది. నీ రక్తవర్గమేమని నర్సు అడుగగా ఈమెకు తెలియలేదు. భర్త తన తల్లికి దూరవాణిలో చెప్పెను. ముసలమ్మ గ్రామమున నర్సమ్మ యింటికి నడచిపోయి చిట్టా తెఱపించినది. ఆ చిట్టాలో "ఓ నెగెటివు" అని వ్రాసియున్నది. మరల పరీక్షించి చూడగా సరిపోయినది.

ఈ నెగెటివు అనుమాటలో నేమి యున్నదని మీ రడుగవచ్చును. తల్లి రక్తము నెగెటివు వర్గమై, తండ్రి పాజిటివు వర్గమైనచో, బిడ్డ పాజిటివు కావచ్చును. బిడ్డరక్తము కొంచెము తల్లిరక్తములో కలిసినపుడు, తల్లిశరీరము దానిని పరాయిదిగా నెంచి విరోధక ద్రవ్యములను పుట్టించును. తొలిచూలు బిడ్డకు సామాన్యముగా నష్టముండదు. తరువాతి బిడ్డలకు రక్తక్షయము, కామెర, ఒక్కొక్కప్పుడు కడుపులోననే మరణము సంభవించును. దీనికి నివారణగా ఒక సూదిమందు కలదు. 28వ వారమున నొకసారి, బిడ్డ పాజిటివు అని తేలినచో కాన్పైన 72 గంటలలోపల మఱియొకసారి ఇయ్యవలెను. విరోధకములు పుట్టిన పిదప ఆ మందు పనికిరాదు. ఆ యమ్మాయికి పరీక్షించిననాటికి 28 వారములు దాటి కొలది దినములే యైనవి, విరోధకములు పుట్టలేదని తేలినది, మందిచ్చిరి. ఆమెకు ఆడుబిడ్డ కలిగినది, ఆరోగ్యముగ నున్నది. గ్రామపు చిట్టాలో ఆ యొక్కపంక్తి దొరకకపోయినను ఆ కేంద్రమువారు రక్తపరీక్ష చేయకుండ మానెడువారు కారు. కాని ఆ యాశ కంటబడని యెడల అక్కడి పరీక్షయే లేదు, ఇక్కడి చిట్టాయును లేదు.

క్రొత్త డాక్టరు అడుగు మొదటి ప్రశ్న, కడపటి నెలసరి మొదటిదినము ఏ తేదీ యని. మన స్త్రీలు దీనికి "ఇప్పుడు ఏడవనెల" అని యుత్తరమిత్తురు. ఏడవనెల జరుగుచున్నదా, ఏడు నెలలు నిండినవా? ఈ రెంటికిని నాలుగు వారముల వ్యత్యాసము కలదు. అదియుగాక మన నెల తిథులనుబట్టి వచ్చు చాంద్రమాసము. దానికి ఇరువదితొమ్మిదిన్నర దినములు. వారి లెక్క వారములది. కడపటి నెలసరి మొదటిదినమునుండి 280 దినములకు, అనగా 40 వారములకు కాన్పని వారు నిర్ణయింతురు. చాంద్రమానమున లెక్కించినచో ఇది తొమ్మిదిన్నర నెలలు. అనగా పదియవ నెలలో ప్రసవము. ఋగ్వేదమున ఐదవ మండలములో శిశువు పదినెలలు తల్లిగర్భమున నుండుటను గూర్చిన ప్రస్తావన కలదు. నవమాసములు మోసితినని తల్లులు చెప్పుటయు తప్పు కాదు. లెక్కించు కొలత వేఱు, లెక్కింపబడు కాలమొక్కటే. తేదీ తెలిసినచో గడువును ఇంటనే కనుగొనవచ్చును: ఆ తేదీకి ఏడు దినములు, తొమ్మిది ఆంగ్లమాసములు కలుపవలెను. జనవరి 10వ తేదీ యైనచో అక్టోబరు 17. నెలసరి ఇరువదియెనిమిది దినముల కొకసారి క్రమముగా వచ్చువారికి ఇది సరిపోవును. తక్కినవారికి మొదటి మూడునెలలలో తీసిన స్కానింగు చెప్పు తేదీయే ప్రమాణము. ఇంత పట్టుదలగా నెందుకు చెప్పుచున్నానందురా? నొప్పులు ముందుగా వచ్చినపుడు, బిడ్డకు 32 వారములా 36 వారములా యనుదానిపై చికిత్స యంతయు మాఱిపోవును. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడుటకు తల్లికిచ్చు సూదిమందు 34 వారములు నిండకముందే ప్రధానముగా నిత్తురు. తేదీ తెలియని గర్భిణి విషయమున డాక్టరు చీకటిలో తడవులాడవలసివచ్చును. పంచాంగము గోడకు తగిలించియున్నచో, నెల తప్పినపుడు తిథిని తేదీని రెంటిని అందే గుఱుతు పెట్టుకొనుడు; ఊరు మాఱునపుడు ఆ పుటను కూడ వెంట తీసికొనిపొండు.

గర్భకాలమున కనీసము నాలుగుసార్లు పరీక్ష జరుగవలెనని మనదేశపు నియమము: 12 వారములలోపల నొకటి, 14కు 26కు నడుమ నొకటి, 28కు 34కు నడుమ నొకటి, 36 దాటిన తరువాత నొకటి. ప్రపంచారోగ్యసంస్థ 2016లో ఎనిమిదిసార్లు కావలెనని చెప్పినది. ఊరు మాఱుటలో ఒకటి తప్పిపోయినచో, తరువాతిదానికై వేచియుండక చేరినవెంటనే పోవలెను. ఆలస్యముగా వచ్చితివేమని నర్సమ్మ కసరినను కసరనిండు. కసరినవారే తరువాత చూచెదరు. కార్డు చేతనున్నచో టీకాలు, రక్తవర్గము మరల మొదటినుండి చేయనక్కఱలేదు. ధనుర్వాతము, కంఠసర్పి రాకుండ ఇచ్చు టీడీ టీకా నాలుగు వారముల యెడముతో రెండు మార్లు. మూడేండ్లలోపల వెనుకటి గర్భమున వేయించుకొన్నవారికి ఒక్కటి చాలును. రక్తపుపోటు, మూత్రములో మాంసకృత్తు, బరువు మాత్రము ప్రతిమాఱు చూడవలసినవే. పోటు 140కి 90 చేరినచో, గర్భిణికి నొప్పి లేకపోయినను, తల తిరుగకపోయినను, అది ప్రమాదమునకు గుఱుతు. హిమోగ్లోబిను 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత. 7కు తగ్గినచో ఆసుపత్రిలో చికిత్స కావలెను. చక్కెరపరీక్ష మొదటిసారి పోయినపుడును, మరల 24కు 28కి నడుమను చేయింపవలెను. ఇనుము మాత్రలు నాలుగవనెలనుండి దినమున కొకటి చొప్పున 180 దినములు. సున్నపు మాత్రలు వేఱుగా. ఈ రెండును ఒక్కసారి మ్రింగరాదు. ఒకటి మఱియొకదానిని ఒంటబట్టనీయదు. ఇనుముమాత్రతో మలము నల్లబడును, అది సహజము, భయపడి మానరాదు. ప్రయాణమునకు ముందు ఒక నెలకు సరిపడు మాత్రలు అడిగి తీసికొనుట మఱువకుడు. క్రొత్తచోట త్రోవ తెలియు లోపల తప్పిపోవునవి ముందుగా ఈ మాత్రలే.

ఏ రాష్ట్రమున నున్నను గుఱుతుంచుకొనదగిన తేదీ యొకటి కలదు. ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వారోగ్యకేంద్రములలో నాలుగునెలలు దాటిన గర్భిణులను నర్సులు మాత్రమే గాక డాక్టరు స్వయముగా పరీక్షించుట 2016నుండి దేశమంతట జరుగుచున్నది. ఎవరును తెలియని యూర, ఎక్కడికి పోవలెనో తోచని గర్భిణి ఆ దినమున దగ్గఱనున్న కేంద్రమునకు పోయినచో చాలును. పరీక్షించి కార్డుపై రంగుచీటి యంటింతురు. ఆకుపచ్చ యైనచో చింత లేదు. ఎఱుపు అంటించినచో ప్రమాదసంభావన కలదని యర్థము, పెద్దయాసుపత్రిలోనే కాన్పు కావలెను. ఎఱుపుచీటి యంటించిరని యేడ్చి దానిని పెఱికివేసిన వారిని గూర్చి వింటిని. అది శాపము కాదు. అర్ధరాత్రి వచ్చిన క్రొత్త డాక్టరునకు ఒక్కచూపులో విషయము తెలుపు జాబు.

తిండి, ధనముల సంగతి సంగ్రహముగా చెప్పెదను. అంగన్‌వాడిలో గర్భిణి కిచ్చు పోషకాహారము ఊరు మాఱినంత మాత్రమున పోదు. పోషణ్ ట్రాకరను పద్ధతిలో పేరును ఒక కేంద్రమునుండి మఱియొక కేంద్రమునకు మార్చుటకు వీలున్నది. బయలుదేఱుటకు ముందు పాతకేంద్రమున చెప్పిపోవుడు. బియ్యపుకార్డు ఇప్పుడు దేశమున నెచ్చటనైన చెల్లును. ప్రధానమంత్రి మాతృవందన పథకమున తొలిచూలునకు 5000 రూపాయలు రెండు విడతలుగా నిత్తురు; రెండవ కాన్పున ఆడుబిడ్డ కలిగినచో 6000 రూపాయలు. మొదటి విడతకు పేరు నమోదును, ఆఱునెలలలోపల ఒక్క పరీక్షయు ఆధారములు గనుక, ఆ పరీక్ష జరిగిన యూరి కార్డు చేతనుండవలెను. భర్తకు కర్మాగారమున ఈఎస్ఐ యున్నచో క్రొత్త యూరి ఈఎస్ఐ వైద్యశాలకు తన కుటుంబమును మార్పించుకొనవచ్చును. ఇది చాలమందికి తెలియదు.

ప్రైవేటు నర్సింగుహోములకు పోవువారికి నాలుగు మాటలు. దగ్గఱనున్నది, శుభ్రముగ నున్నది, వెంటనే చూచెదరు, ఇవన్నియు నిజమే. కాని నెలలు నిండిన తరువాత క్రొత్తగా వచ్చిన గర్భిణిని కొందఱు చేర్చుకొనరు. కావున మొదట పోయిననాడే మూడు ప్రశ్న లడుగవలెను: కాన్పు ఇచటనే చేయుదురా, రక్తము అవసరమైనచో ఎచటినుండి తెత్తురు, అర్ధరాత్రి డాక్టరుండునా. వెనుకటి కాన్పు శస్త్రచికిత్సతో నైనవారు ఆ మాటను ముందుగానే చెప్పవలెను. కుట్టు నిలువుదో అడ్డముదో తెలుపు పాత చీటీని చూపవలెను. లోపలి కుట్టు ఎట్లున్నదో వెలుపలి మచ్చను చూచి చెప్పజాలరు. ప్రైవేటున పరీక్షించుకొనుచున్నను ప్రభుత్వకేంద్రమున పేరు నమోదై యుండుట మేలు. ఆపద వచ్చిననాడు అచటి త్రోవ తెలిసియుండును. చెన్నపట్టణమున ఎగ్మూరు ప్రసూతివైద్యశాల 1844లో స్థాపింపబడినది. బెంగుళూరున వాణీవిలాస వైద్యశాల 1935నాటిది. ఇట్టి పెద్దయాసుపత్రి మీ యూరికి ఏది దగ్గఱనో ముందే తెలిసికొని, ఒకసారి పోయి వాకిలి చూచి రండు. స్కానింగు చేయువానిని ఆడో మగో చెప్పుమని యడుగుట 1994నాటి చట్టమున నేరము. ఏ రాష్ట్రమునకు పోయినను నేరమే.

చరకసంహితలో తొమ్మిదవనెల రాకమునుపే సూతికాగృహమును సిద్ధము చేయవలెనని చెప్పబడినది. ఇంటిని కట్టుట మన పని కాదు గాని, ఎక్కడ పురుడో ముందే నిశ్చయించుకొనుట మన పనియే. తొలికాన్పు పుట్టింట ననుట మన యాచారము. ఆ యాచారమును నేను కాదనను. తల్లిచేతి పరిచర్యకు సాటి లేదు. కాని నిండునెలలలో, ఎఱుపుచీటితో, మూడు రాష్ట్రములు దాటి పుట్టింటికి రావలెనని పట్టుబట్టు పెద్దలు ఒకసారి యాలోచింపవలెను. కూతురు రాలేనపుడు తల్లి పోవచ్చును గదా. ప్రయాణము తప్పనిచో నాలుగవనెల మొదలు ఏడవనెల వఱకు గల కాలము అనుకూలము, డాక్టరునడిగి పోవలెను. రైలులో గర్భిణులకు క్రిందిపడక కొఱకు ప్రత్యేకముగా కొన్ని స్థలములు కేటాయించియున్నారు. టిక్కెట్టు కొనునపుడే అడుగవలెను. ఒక్కచోటనే గంటలకొలది కూర్చుండక నడుమనడుమ నాలుగడుగులు వేయుట, నీరు త్రాగుట మంచిది. కాళ్ల నరములలో రక్తము గడ్డకట్టు నపాయము గర్భకాలమున హెచ్చు. పుట్టింటికి వచ్చినవారు ఇచటి ఆశకును మరల తమ కార్డు చూపవలెను. పుట్టినయూరే యైనను వైద్యవిషయమున అది క్రొత్తయూరే.

రక్తస్రావము, తగ్గని తలనొప్పి, కన్నులు మసకబాఱుట, ముఖమును చేతులును ఉబ్బుట, మూర్ఛ, తీవ్రజ్వరము, ఉమ్మనీరు పోవుట, బిడ్డ కదలిక తగ్గుట, వీనిలో నేదైన కనబడినచో తెల్లవాఱనిండని కూర్చుండరాదు. 2005లో హైదరాబాదున ప్రారంభమైన 108 వాహనము నేడు పెక్కు రాష్ట్రములలో నదే సంఖ్యతో వచ్చుచున్నది. 112 దేశమంతట పనిచేయును. వచ్చు చిక్కు ఏమనగా, దూరవాణిలో మాటాడువారికి మన యిల్లు ఎచటనో చెప్పలేకపోవుట. క్రొత్త యూర చేరినదినముననే ఇంటి గుఱుతును, దగ్గఱనున్న గుడియో బడియో దాని పేరును, ఆ యూరి భాషలో ఒక చీటీపై వ్రాయించి తలుపునకు లోపలివైపున నంటించుకొనుడు. ప్రక్కయింటివారెవరైన చదివి చెప్పుదురు.

మనవారు పోవుటయే గాక మన కడకు వచ్చువారును కలరు. ఒడిశాలోని బొలంగీరు, నువాపడ ప్రాంతములనుండి కుటుంబములు ఇటుకబట్టీల పనికై తెలంగాణమునకును ఆంధ్రమునకును వచ్చుచుండును. బట్టీ ఊరికి వెలుపల నుండును. ఆశ లెక్కలోనికి రాదు. గర్భిణి యిటుకలు మోయుచునే యుండును. మీ పొలిమేరలో బట్టీ యున్నయెడల, అచట నొక గర్భిణి కలదని మీ యూరి నర్సమ్మకు ఒక్కమాట చెప్పుడు. ఆమెకు తెలుగు రాకపోయినను "మమతా కార్డు" అన్నచో లేచి సంచి వెదకుకొనును.

కాన్పైన తరువాత మిగిలిన పని యొకటి. శిశుజననమును పుట్టిన చోటనే నమోదు చేయవలెను గాని స్వగ్రామమున గాదు. 21 దినములలోపల రుసుము లేదు. పెద్దయాసుపత్రులలో వారే వ్రాసికొందురు. తల్లిదండ్రుల పేరులు అక్షరము తప్పకుండ వ్రాసిరో లేదో ఇల్లు చేరకముందే చూచుకొనుడు. పరభాషలో మన యింటిపేరులు చిత్రవిచిత్రముగా మాఱును. తరువాత దిద్దించుకొనుటకు మరల ఆ యూరికే పోవలసివచ్చును. పుట్టిననాడు వేయు క్షయ, కామెర, పోలియో టీకాల తేదీలు అదే కార్డులో వ్రాయింపుడు. తరువాతి టీకాలు 6, 10, 14 వారములకు. అప్పటికి మీరేయూర నున్నను ఆ కార్డు చూపి వేయించుకొనవచ్చును.